బహుమతి సొమ్ముకు ముందు గడిచిన ఏళ్ల గురించి కూడా రాయండి

సంపాదకులకు,

అయ్యా,

ఈ మధ్య మీ విద్యా పేజీలో స్ట్రింగ్ సిద్ధాంతవేత్త (ప్రకృతిలోని కణాలన్నీ అతి సూక్ష్మమైన తీగల కంపనాలేనని ఊహించే సిద్ధాంతం అది) అశోక్ సేన్ మీద వచ్చిన పరిచయ వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. తెలుగు దినపత్రికలో ఒక సైద్ధాంతిక భౌతికశాస్త్రవేత్తకు అరపేజీ చోటు దొరకడమే అరుదు కనుక ముందుగా మీకు ధన్యవాదాలు. అయితే ఆ అరపేజీలో ఎక్కువ భాగం రష్యాలో పుట్టిన కోటీశ్వరుడు యూరీ మిల్నర్ నెలకొల్పిన ఫండమెంటల్ ఫిజిక్స్ ప్రైజుకే సరిపోయింది. 2012లో ఆ బహుమతి తొలిసారి ఇచ్చినప్పుడు అందుకున్న తొమ్మిది మందిలో సేన్ ఒకరని, ఒక్కొక్కరికి 30 లక్షల డాలర్లు ముట్టాయని, అప్పటి మారకం లెక్కన అది 16 కోట్ల రూపాయలు దాటిందని, నోబెల్ సొమ్ముకు రెట్టింపు కన్నా ఎక్కువని వివరంగా రాశారు. పద్మశ్రీ, పద్మభూషణ్ ఒక వాక్యంలో వచ్చాయి. డిగ్రీ పూర్తయిన 1975 నుంచి బహుమతి వచ్చిన 2012 దాకా ఆయన ఏం చేశారన్నది మాత్రం ‘అనేక పరిశోధనలు చేశారు’ అన్న మూడు మాటలతో ముగిసింది.

నేను డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. రెండో సంవత్సరంలో క్వాంటమ్ సిద్ధాంతం మొదలుపెట్టగానే కళ్లు మెరిసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరుండేవారు. వాళ్లు పాఠం అయ్యాక నా వెంట స్టాఫ్ రూము దాకా వచ్చి, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటే: ‘సార్, ఇందులోకి వెళ్తే ఉద్యోగం ఎప్పుడొస్తుంది?’ ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఇంట్లో చెల్లెలి పెళ్లి, బ్యాంకు అప్పు, నాన్న ఆరోగ్యం ఉన్న కుర్రాడు అడగవలసిన ప్రశ్నే అది. దానికి జవాబు 16 కోట్లలో దొరకదు, మీ వ్యాసం మూడు మాటల్లో దాటేసిన ఆ 37 ఏళ్లలోనే దొరుకుతుంది. ఆ ఏళ్లు ఎలా గడిచాయో నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను.

సేన్ 1956లో కలకత్తాలో పుట్టారు. తండ్రి స్కాటిష్ చర్చ్ కాలేజీలో భౌతికశాస్త్రం బోధించేవారు. ప్రెసిడెన్సీ కాలేజీలో 1975లో బీఎస్సీ, కాన్పూర్ ఐఐటీలో 1978లో ఎమ్మెస్సీ, అమెరికాలోని స్టోనీ బ్రూక్‌లో జార్జ్ స్టెర్మన్ దగ్గర 1982లో పీహెచ్‌డీ. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ప్రెసిడెన్సీలో ఆయనను బాగా ప్రభావితం చేసిన గురువు అమల్ కుమార్ రాయ్‌చౌధురి. ఉద్యోగం ఇచ్చిన సంస్థ లోహాల గుణాల మీద పనిచేయమని చెబుతున్న రోజుల్లో, సాపేక్షతా సిద్ధాంతం గురించి మాట్లాడుకోవడానికి చుట్టుపక్కల పెద్దగా ఎవరూ లేని స్థితిలో, తనంతట తాను లెక్కలు వేసుకుని 1955లో ‘ఫిజికల్ రివ్యూ’లో ప్రచురించిన సమీకరణం ఆయనది. విశ్వానికి ఆరంభం దగ్గర, కృష్ణబిలం నడుమ, కాలం గీత తెగిపోక తప్పదని పెన్‌రోజ్, హాకింగ్ 1960లలో నిరూపించినప్పుడు వాళ్ల వాదనకు ఊతంగా నిలిచింది ఆ రాయ్‌చౌధురి సమీకరణమే. అంతటి మనిషి 1961 నుంచి రెండు దశాబ్దాలకు పైగా బీఎస్సీ క్లాసులకు పాఠాలు చెప్పారు. డిగ్రీ కాలేజీలో అధ్యాపకుల ఖాళీలను ఏళ్ల తరబడి గెస్టు ఫ్యాకల్టీతో నెట్టుకొచ్చే మన రెండు రాష్ట్రాల విద్యాశాఖలు ఈ ఒక్క సంగతినైనా చదవాలని నా కోరిక. ఈ దారి మొదలయ్యేది ఐఐటీలోనో అమెరికాలోనో కాదు, పద్దెనిమిదేళ్ల కుర్రాడికి భౌతికశాస్త్రం చెప్పే గదిలో.

సేన్ పీహెచ్‌డీ చేసింది స్ట్రింగ్ సిద్ధాంతంలో కానే కాదు. ప్రోటాన్ల లోపలి సూక్ష్మ కణాలైన క్వార్కులను బంధించి ఉంచే బలానికి సంబంధించిన క్లిష్టమైన గణనలో ఆయన తొలి పేరు తెచ్చుకున్నారు. అమెరికాలోని ఫెర్మీల్యాబ్ ప్రయోగశాలలో మూడేళ్లు, కాలిఫోర్నియాలోని స్లాక్ ప్రయోగశాలలో మూడేళ్లు పోస్ట్‌డాక్‌గా పనిచేశారు. పోస్ట్‌డాక్ అంటే ఏమిటో మన ఇళ్లలో చాలామందికి తెలియదు కనుక చెప్పాలి: డాక్టరేట్ వచ్చాక, పర్మినెంటు ఉద్యోగం రాక ముందు, రెండేసి మూడేసి ఏళ్ల గడువుతో దొరికే పరిశోధన కొలువు అది. గడువు ముగిసేలోగా మరో చోట మరో కొలువు వెతుక్కోవాలి, ఊరు మారాలి, చాలాసార్లు దేశం మారాలి. సేన్ అలా ఆరేళ్లు గడిపారు. ఆ ఆరేళ్ల మధ్యలోనే, 1984లో, మైఖేల్ గ్రీన్, జాన్ ష్వార్జ్ కలిసి స్ట్రింగ్ సిద్ధాంతంలో ఎప్పటి నుంచో వేధిస్తున్న ఒక వైరుధ్యం తొలగిపోతుందని చూపించారు. అంతవరకు దాదాపు ఎవరూ పట్టించుకోని ఆ రంగంలోకి ప్రపంచమంతటి నుంచీ యువకులు దూకారు. సేన్ కూడా వారిలో ఒకరు.

వారికంటే ముందున్నవారి గతి ఏమిటన్నది కూడా మీ పాఠకులు తెలుసుకోవలసిన విషయమే. 1968లో గాబ్రియేల్ వెనెజియానో రాసిన ఒక సూత్రంతో ఈ సిద్ధాంతానికి బీజం పడింది. అణుకేంద్రకంలోని బలాలను వివరించడానికి పుట్టిన ఆ ఆలోచన ఆ పనికి పనికిరాదని తేలాక చాలామంది వదిలేశారు. ష్వార్జ్ వదల్లేదు. 1972లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ఆయనకు పర్మినెంటు పదవి ఇవ్వలేదు. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విద్యాసంస్థకు వెళ్లి, 1974లో ఫ్రెంచి యువకుడు జోయెల్ షెర్క్‌తో కలిసి ఈ సిద్ధాంతం నిజానికి గురుత్వాకర్షణకు సంబంధించినదని ప్రతిపాదించారు, ఎవరూ వినలేదు. షెర్క్ 1980లో చిన్న వయసులోనే మరణించారు. ష్వార్జ్ ప్రొఫెసరు కాకుండానే పుష్కర కాలం పైగా అక్కడ పనిచేశారు, 1984 నాటి పరిశోధన తర్వాత గాని ఆ హోదా దక్కలేదు. అన్నేళ్లూ ఆయనకు అండగా నిలిచిన అక్కడి నోబెల్ గ్రహీత మరే గెల్‌మన్, అంతరించిపోతున్న జాతి కోసం తానొక అభయారణ్యం నడిపానని తర్వాత చమత్కరించారు. అందరికీ గెల్‌మన్ దొరకడు. ప్రతిభ ఉండి, గెల్‌మన్ దొరక్క వెళ్లిపోయినవారి జాబితా ఎవరి దగ్గరా లేదు.

మీ వ్యాసంలో నాకు అభ్యంతరం అనిపించిన వాక్యం ఇంకొకటుంది. 1988లో సేన్ ‘దేశభక్తితో అన్నీ వదులుకుని’ తిరిగి వచ్చారని రాశారు. ఆయన మనసులో ఏముందో మనకు తెలియదు. మనకు తెలిసినదల్లా, అప్పటికే ముంబయిలోని టాటా పరిశోధన సంస్థలో స్పెంటా వాడియా, సునీల్ ముఖి వంటివారు ఈ రంగంలో పనిచేస్తున్నారని, అణుశక్తి శాఖ నిధులతో నడిచే ఆ సంస్థ 32 ఏళ్ల మనిషికి స్థిరమైన ఉద్యోగంతో పాటు ఏ సమస్య మీద పనిచేయాలో తానే నిర్ణయించుకునే స్వేచ్ఛ ఇచ్చిందని. త్యాగం అనే మాట వాడితే అది ఒక వ్యక్తి గొప్పతనంగా మిగిలిపోయి, ఆ సంస్థను 1945 నుంచి నిలబెట్టినవారి శ్రమ, దానికి జీతాలిచ్చిన ప్రజల సొమ్ము కనబడకుండా పోతాయి. మన పిల్లలకు త్యాగం చేయమని చెప్పే హక్కు మనకు లేదు, అలాంటి కొలువులు మరికొన్ని కావాలని ప్రభుత్వాన్ని అడిగే హక్కు మాత్రం ఉంది.

ఆ స్వేచ్ఛ ఏం చేసిందో 1994 నాటి ఒక్క పరిశోధన పత్రంతో చెప్పవచ్చు. విద్యుత్తుకు ధన, రుణ ఆవేశాలు విడివిడిగా దొరుకుతాయి. అయస్కాంతానికి ఉత్తర ధ్రువం ఒక్కటే విడిగా దొరకదు. దొరికితే దాన్ని ఏకధ్రువం అంటారు. 1977లో క్లాస్ మాంటోనెన్, డేవిడ్ ఆలివ్ అనే ఇద్దరు ఒక వింత ఊహ చేశారు: కొన్ని సిద్ధాంతాల్లో విద్యుత్తును అయస్కాంతంతో తారుమారు చేస్తే సిద్ధాంతం మారదు, కానీ కణాల మధ్య బలంగా ఉన్న చర్య బలహీనంగాను, బలహీనంగా ఉన్నది బలంగాను మారుతుంది. నిజమైతే ఇది వరమే, ఎందుకంటే చర్యలు బలంగా ఉన్న చోట మనకు లెక్క వేయడం చేతకాదు. బలహీనమైన వైపు నుంచి వేసుకోవచ్చు. చిక్కంతా దాన్ని పరీక్షించడంలోనే ఉంది. లెక్క వేయలేని చోట ఏముందో చెప్పే ఊహను లెక్కతో ఎలా సరిచూస్తారు? అందుకే చాలామంది దాన్ని పక్కన పెట్టారు. సేన్ మాత్రం, 1993లో కొంత ష్వార్జ్‌తో కలిసి, తర్వాత ఒంటరిగా, అదే పట్టుకుని కూర్చున్నారు. ఆ తారుమారు నిజంగా ఉంటే రెండు పాళ్ల అయస్కాంత ఆవేశం, ఒక పాలు విద్యుదావేశం కలిగిన కణం ఒకటి ఉండి తీరాలని, అది రెండు ఏకధ్రువాలు కలిసి బంధింపబడిన స్థితి అవుతుందని ఆయన గుర్తించారు. రెండు ఏకధ్రువాల కదలికలన్నిటినీ వర్ణించే జ్యామితిని గణితవేత్తలు మైఖేల్ అతియా, నైజెల్ హిచిన్ అంతకుముందే కట్టి ఉంచారు. కణం ఉండాలంటే ఆ జ్యామితి మీద ఫలానా లక్షణాలున్న గణిత రూపం ఒక్కటి దొరకాలి. సేన్ ఆ రూపాన్ని రాసి చూపించారు. బలహీనమైన వైపు నుంచే వేసిన లెక్క, బలమైన వైపు గురించి సాక్ష్యం చెప్పింది.

కొద్ది పేజీల ఆ పత్రం తర్వాత గాలి మారింది. పక్కన పెట్టిన ఊహ మీద అందరి చూపూ పడింది. మరుసటి ఏడాది దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జరిగిన స్ట్రింగ్ సదస్సులో అమెరికన్ సిద్ధాంతవేత్త ఎడ్వర్డ్ విటెన్ ఇలాంటి తారుమారులన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చి, వేర్వేరుగా కనబడుతున్న ఐదు స్ట్రింగ్ సిద్ధాంతాలు ఒకే సిద్ధాంతానికి ఐదు ముఖాలని ప్రతిపాదించారు. ఉద్యోగంలో చేరిన ఆరేళ్లకు వచ్చిన ఫలితం ఇది. సేన్‌ను ఏటా పనితీరు నివేదిక అడిగి, ఫలానా పత్రికలో ఇన్ని వ్యాసాలు ఎందుకు లేవని నిలదీసే చోట ఉంచి ఉంటే అందరూ కాదన్న సమస్య మీద ఆయన కూర్చోగలిగేవారా అన్నది నాకు అనుమానమే.

1995లో ఆయన అలహాబాద్‌లోని మెహతా పరిశోధన సంస్థకు మారారు. తర్వాత దానికే గణితవేత్త హరీశ్‌చంద్ర పేరు పెట్టారు. ముంబయిని, అంత పెద్ద సంస్థను వదిలి గంగ అవతల ఝూన్సీకి వెళ్లడం చాలామందికి వింతగా తోచి ఉంటుంది. ఆ కాలంలో ఒక పెద్ద మార్పు జరిగింది. అంతకుముందు అమెరికాలో రాసిన పత్రం తాలూకు అచ్చుకు ముందటి ప్రతి మనకు చేరాలంటే తపాలా మీద ఆధారపడాలి. అది వచ్చేసరికి అక్కడివారు తర్వాతి పత్రం రాసేసేవారు. 1991లో పాల్ గిన్‌స్పార్గ్ లాస్ అలమోస్‌లో ఆర్కైవ్ అనే ఉచిత భాండాగారాన్ని మొదట ఈ రంగానికే ప్రారంభించాక ప్రిన్స్‌టన్‌లో చదివేవారూ ఝూన్సీలో చదివేవారూ ఒకే రోజు ఒకే పత్రం చదవగలిగారు. అలహాబాద్ నుంచే సేన్ 1998లో ప్రతిపాదించిన విషయం మరొకటి చెప్పాలి. స్ట్రింగ్ సిద్ధాంతంలో తీగలతో పాటు పొరల్లాంటి వస్తువులు కూడా ఉంటాయి, వాటిలో అస్థిరమైన పొర కరిగిపోతే విడుదలయ్యే శక్తి ఆ పొర మొత్తం శక్తికి సరిగ్గా సమానం కావాలని, చివరికి శూన్యం మాత్రమే మిగలాలని ఆయన ఊహ. మరుసటి సంవత్సరం బార్టన్ జ్వీబాక్‌తో కలిసి వేసిన ఉజ్జాయింపు లెక్కలో అది దాదాపు 99 శాతం సరిపోయింది. 2005లో మార్టిన్ ష్నాబెల్ అనే చెక్ శాస్త్రవేత్త నూటికి నూరు పాళ్లు సరిపోతుందని నిరూపించారు. ఇరవై ఆరేళ్లు అలహాబాద్‌లో పనిచేసి 2021లో సేన్ బెంగళూరులోని అంతర్జాతీయ సైద్ధాంతిక విజ్ఞాన కేంద్రానికి వచ్చారు. 2014లో ఇటలీలోని ట్రియెస్టే సంస్థ ఇచ్చే డిరాక్ పతకాన్ని వెనెజియానో, స్ట్రోమింజర్‌లతో పంచుకున్నారు. డబ్బు తక్కువ కాబట్టి కాబోలు, దాని ఊసు మీ వ్యాసంలో లేదు.

ఇంత రాసి, ఇబ్బంది కలిగించే సంగతి దాచడం న్యాయం కాదు. స్ట్రింగ్ సిద్ధాంతం ఇంతవరకు ప్రయోగంతో నిర్ధారణ కాలేదు. స్ట్రింగ్ స్వభావం నేరుగా కనబడుతుందని భావించే శక్తి, కణాలను ఢీకొట్టించే జెనీవా దగ్గరి పెద్ద యంత్రం అందుకునే శక్తికి సుమారు వెయ్యి లక్షల కోట్ల రెట్లు. బడ్జెట్ ప్రసంగాలలో కూడా మనకు వినబడని అంకె అది. ఈ కారణంగానే సేన్‌కు గాని, విటెన్‌కు గాని నోబెల్ రాలేదు, వస్తుందన్న ఆశ కూడా ఎవరికీ పెద్దగా లేదు. ఈ రంగం మీద విమర్శలు చేసేవారిలో పేరున్న భౌతికశాస్త్రవేత్తలే ఉన్నారు, వారి మాటలు కొట్టిపారేయదగినవి కావు. ఈ దారిలోకి వెళ్లే యువకుడు తన జీవితకాలంలో తాను చేసిన పని ప్రకృతిలో నిజమో కాదో తెలియకపోవచ్చని ముందే అంగీకరించి వెళ్లాలి. మరైతే ఎందుకు వెళ్లాలి అని తండ్రి అడిగితే నా దగ్గర ఉన్న జవాబు: ఈ లెక్కలు నేర్చినవారి చేతుల్లోనే కృష్ణబిలాల ఎంట్రపీకి (లోపలి అస్తవ్యస్తతకు కొలమానం) అర్థం దొరకడం మొదలైంది, గణితంలో కొత్త దారులు తెరుచుకున్నాయి, అదే నైపుణ్యంతో వేరే రంగాలకు వెళ్లినవారు కూడా ఆకలితో లేరు. ఆ జవాబు ఆ తండ్రికి చాలకపోతే నేను తప్పు పట్టను.

డబ్బు లెక్క కూడా పత్రికలో రావాలి. కేంద్ర సంస్థల్లో పీహెచ్‌డీ చేసేవారికి 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, నిబంధనల మేరకు ఇంటి అద్దె అదనం. ఇంజినీరింగ్ చేసిన తోటివాడు హైదరాబాదులో అప్పటికే ఇల్లు కొంటూ ఉండవచ్చు, నిజమే. కానీ పీహెచ్‌డీ అంటే ఇంటి నుంచి ఫీజులు కట్టే చదువని నమ్మే తల్లిదండ్రులను నేను చాలామందిని చూశాను. అందులో నెలనెలా డబ్బు వస్తుందని తెలిసి ఆశ్చర్యపోయిన రైతు తండ్రులూ ఉన్నారు. ఐదారేళ్ల పీహెచ్‌డీ, ఆపైన రెండో మూడో పోస్ట్‌డాక్‌లు పూర్తయ్యేసరికి వయసు ముప్ఫై దాటి నాలుగైదేళ్లవుతుంది. అప్పుడు కూడా పర్మినెంటు ఉద్యోగం అందరికీ రాదు. ఇది దాచకుండా చెప్పండి. చెప్పినా వచ్చేవాడే నిలబడతాడు.

వెళ్లాలనుకున్నవాడికి దారి ఎక్కడుందన్నది ఇంకా ముఖ్యం. ఇంటర్ ఎంపీసీ పిల్లవాడికి మన దగ్గర తెలిసిన పరీక్షలు ఈఏపీసెట్, జేఈఈ. తిరుపతిలోనే 2015 నుంచి ఐసర్ అనే కేంద్ర విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఉందని, దాంట్లో చేరడానికి ఐఏటీ అనే వేరే ప్రవేశ పరీక్ష రాయాలని, భువనేశ్వర్‌లోని అలాంటి మరో సంస్థ నైసర్‌కు నెస్ట్ అనే పరీక్ష రాయాలని తెలియని జూనియర్ కాలేజీలు మా ప్రాంతంలో ఎన్నో. ఎమ్మెస్సీ తర్వాత పరిశోధన సంస్థల్లో చేరడానికి జెస్ట్ అనే పరీక్ష, టాటా సంస్థ సొంతంగా నిర్వహించే ప్రవేశ పరీక్ష ఉన్నాయని డిగ్రీ కాలేజీల నోటీసు బోర్డుల మీద కనబడదు. హైదరాబాదులోనే టాటా సంస్థ ప్రాంగణం ఉందన్న సంగతి గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే నా పూర్వ విద్యార్థులకే తెలియదు. మీ మొదటి పేజీ మీద ఏటా ర్యాంకుల ఫొటోలతో నిండుగా వచ్చే కార్పొరేట్ ప్రకటనల్లో ఈ పరీక్షల పేర్లు నేనెప్పుడూ చూడలేదు.

కనుక సంపాదకులకు నా విన్నపం ఇది. ఈఏపీసెట్ నోటిఫికేషన్‌కు ఇచ్చినంత చోటే ఐఏటీ, నెస్ట్, జెస్ట్ నోటిఫికేషన్లకు కూడా ఇవ్వండి, అదీ చివరి తేదీ గడిచాక కాక ముందే. తర్వాతిసారి ఒక శాస్త్రవేత్త మీద రాసినప్పుడు ఏ వయసులో ఎక్కడ ఉన్నారు, ఎవరు చదువు చెప్పారు, జీతం ఎవరిచ్చారు, ఏ సమస్య మీద ఎన్నేళ్లు గడిపారు అన్న నాలుగు వాక్యాలు తప్పనిసరిగా రాయించండి. వీలైతే మన జిల్లాల నుంచి వెళ్లి ప్రస్తుతం ఎక్కడో రెండో పోస్ట్‌డాక్‌లో ఉన్న యువతీయువకులను మాట్లాడించండి. ఆ రంగం వదిలి వేరే ఉద్యోగంలోకి వెళ్లినవారిని కూడా. ఈ పరీక్షల వివరాలు, అర్హతలతో ఒక పట్టిక తెలుగులో తయారు చేసి ఉంచాను. అడిగితే పంపగలను, దానికి నా పేరు వేయనక్కరలేదు.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
గుంటూరు జిల్లా